ప్రాగు నగరపు గోలెము : ఒక ఐతిహ్యపు వయస్సు

ప్రాగు నగరమును గూర్చి వ్రాయబూనినవారు ‘మాంత్రికము’ అను విశేషణమును విడువజాలరు. ఇటలీ దేశపు విమర్శకుడు ఆంజెలో రిపెల్లీనో 1973లో ప్రకటించిన గ్రంథమునకు పేరే ‘మాంత్రిక ప్రాగు’. రసవాదులు, కన్నులు పోగొట్టబడిన గడియారపు శిల్పి, సైతానుతో ఒడంబడిక చేసికొన్న పండితుడు, బంకమట్టితో మనిషిని చేసిన యూదమతగురువు, వీరందరును నేటికిని ఆ నగరపు సందులలో తిరుగాడుచున్నట్లే ఆ వాఙ్మయమును చదివినవారికి తోచును. ఆ ఊరననే పుట్టిన పీటర్ డెమెట్స్ తన నగరచరిత్రలో (1997) ఈ మాంత్రికతను గట్టిగనే ప్రశ్నించెను. కాని ప్రశ్న అంతటితో తీరునది కాదు. ఈ కథలు ఎప్పటివి? ఎవరు, ఎవరికొఱకు, ఏ యవసరమునకై చెప్పినవి?

ఈ ప్రశ్న నాకు దూరదేశపు వింతలపై మోజుచే కలిగినది కాదు. మన పరిశోధకవిద్యార్థులలో పలువురు ఒక జనశ్రుతిని ఉదాహరింపవలసి వచ్చినపుడు, అది ఏ రాజు కాలమును గూర్చి చెప్పునో ఆ కాలమున పుట్టినదేయని నమ్మి సాగిపోవుచున్నారు. మెకంజీ కైఫీయతులను వాడువారిలో ఈ పొరపాటు మిక్కిలిగా కానవచ్చును. కైఫీయతులో ప్రతాపరుద్రుని కథ యున్నచో, అది ప్రతాపరుద్రుని కాలమునకు సాక్ష్యమా, లేక దానిని వ్రాసి యిచ్చిన కరణముగారి కాలమునకు సాక్ష్యమా? ప్రాగు ఐతిహ్యములు ఈ విచారణకు చక్కని ఉదాహరణములు. అచ్చట వ్రాతపూర్వకమైన ఆధారములు పెక్కు నిలిచియున్నవి. కథ యొకవంకను, పత్రము ఒకవంకను పెట్టి చూచుటకు వీలున్నది.

ముందుగా గడియారపు కథ. పాతపట్టణపు పురభవనమునకు గల ఖగోళగడియారమును హనుష్ అను ఉపాధ్యాయుడు నిర్మించెననియు, అట్టిది మఱియొక ఊరికి చేసి యీయకుండుటకై పురపాలకులు అతని కన్నులు కాల్పించిరనియు, అతడు తడుముకొనుచు వచ్చి యంత్రమున చేయి పెట్టి దానిని చెఱచెననియు చెప్పుదురు. అలోయిస్ యిరాసెక్ 1894లో వెలువరించిన ‘పురాతన చెక్ ఐతిహ్యములు’ అను సంపుటముచే ఈ కథ చెక్ బాలురందరికిని కంఠస్థమైనది. అయితే 1410వ సంవత్సరపు పత్రమొకటి ఆ గడియారమును చేసినవాడు కదాన్ వాస్తవ్యుడగు మికులాష్ అని స్పష్టముగ చెప్పుచున్నది. గణితభాగమునకు యాన్ షిండెల్ అను ఖగోళపండితుడు తోడ్పడెనని పరిశోధకుల అభిప్రాయము. హనుష్ అటుతరువాత ఎనుబదియేండ్లకు దానిని బాగుచేసినవాడు. 16వ శతాబ్దిలో గడియారమును కనిపెట్టుకొనియున్న యాన్ తాబోర్‌స్కీ తన నివేదికలో హనుష్‌నే నిర్మాతగ పేర్కొనెను. పండితుని పొరపాటు ముందు, దానిపై జనుల కథ తరువాత. జనశ్రుతియే పండితులను త్రోవ తప్పించునని మనము తలతుము; ఇచ్చట వ్యవహారము తలక్రిందులైనది. 1945 మే నెలలో, యుద్ధము ముగియుచుండగా, జర్మను సైన్యపు దాడిలో ఆ గడియారము కాలిపోయినది. మరల నడచినది 1948లో. కన్నులు పోయిన శిల్పి కథకు గల ప్రచారములో వందవవంతు ఈ సత్యకథకు లేదు.

ఫౌస్టు ఇల్లని చూపబడు భవనమును గూర్చి ఇచ్చట విస్తరింపను. ఆ పేరుగల పండితుడు అందు కాపురమున్నట్లు ఆధారము లేదు. టైకో బ్రాహె మరణమును గూర్చిన అనుమానము మాత్రము ఒక వాక్యమునకు తగియున్నది. 1601లో మరణించిన ఆ ఖగోళవేత్తకు పాదరసముతో విషప్రయోగము జరిగెనను వాదము చాలకాలము నడచినది. 2010లో సమాధిని తెరచి అస్థులను పరీక్షించిరి. ప్రాణము తీయుటకు చాలిన పాదరసము అందు లేదని 2012లో తేల్చిరి. ఆ వాదము మాత్రము చావలేదు.

ఇక గోలెము. కథ అందరెరిగినదే. రబ్బీ యూదా లోవ్ బెన్ బెజలెల్ నదీతీరపు మట్టితో ఒక మనుష్యాకారమును చేసి, దైవనామము వ్రాసిన చీటిని దాని నోట నుంచి ప్రాణము పోసెను. అది మాటలాడదు, చెప్పిన పని చేయును. శుక్రవారము సాయంకాలము, విశ్రాంతిదినము ప్రవేశించుటకు ముందు, చీటి తీసివేయవలెను. ఒక శుక్రవారము మఱచెను. గోలెము రేగి కంటబడినదెల్ల ధ్వంసము చేయసాగెను. అప్పటికి ప్రార్థనామందిరమున విశ్రాంతిదినపు కీర్తన చదువబడుచుండెను. రబ్బీ దానిని ఆపించి, పరుగెత్తి చీటి ఊడబెరికి, తిరిగి కీర్తన చదివించెను. మట్టిబొమ్మను ఆ మందిరపు అటకపై పడవైచిరి.

కథ బిగువైనది. అందులకు కారణము సైతము కలదు. ‘పాత-కొత్త’ మందిరమను విచిత్రమైన పేరుగల ఆ 13వ శతాబ్దపు కట్టడమున ఆ కీర్తనను రెండుసారులు చదువు ఆచారము కలదు. ఆచారము ముందున్నది, ‘ఎందులకు రెండుసారులు?’ అను ప్రశ్నకు కథ సమాధానముగ వచ్చినది. మన స్థలపురాణములలో ఊరిపేరునకు వ్యుత్పత్తి చెప్పుటకై పుట్టిన కథల వంటిదే యిది.

రబ్బీ లోవ్ చారిత్రకపురుషుడు. 1609లో మరణించెను. రుడాల్ఫ్ చక్రవర్తి 1592లో అతనిని పిలిపించి మాటలాడెను. ఈ సమావేశమును ప్రాగులోనే వసించిన డేవిడ్ గాన్స్ అదే సంవత్సరమున ప్రకటించిన చరిత్రగ్రంథమున సగౌరవముగ పేర్కొన్నాడు. గాన్స్ గణితము, ఖగోళము నెరిగినవాడు. రబ్బీ యెడల భక్తిగలవాడు. అతడు గోలెము మాట ఎత్తలేదు. 1718లో మెయిర్ పెర్లెస్ రబ్బీ వంశచరిత్రను వ్రాసెను. అందును లేదు. సమాధిఫలకముపై ఆయన గ్రంథములను ప్రశంసించిరి. మట్టిమనిషి ఊసు లేదు. ఒక్క గ్రంథమున లేకపోవుట సాక్ష్యము కాదని పూర్వపక్షము చేయవచ్చును. కాని చెప్పుటకు ఉత్సాహముగల ఆత్మీయులు ముగ్గురు మూడు తావుల మౌనము వహించినచో, ఆ మౌనమును లెక్కింపక తప్పదు.

గోలెము భావము మాత్రము పాతదే. ‘గోలెం’ అను హీబ్రూపదము బైబిలులో ఒకేయొక్క తావున, 139వ కీర్తనలో, రూపమేర్పడని పిండము అను అర్థమున కానవచ్చును. తాల్ముదులో రావా అను గురువు ఒక మనిషిని సృజించి రబ్బీ జేరా కడకు పంపెననియు, పలుకరించినను అది బదులీయకుండగా జేరా దానిని మట్టిలో కలిసిపొమ్మనెననియు నొక చిన్న కథ కలదు. సృష్టి చేయగలిగినను మాటను ఈయజాలకపోవుట అందలి సారము. పోలండు యూదులలో హెల్మ్ పట్టణపు రబ్బీ ఎలియాకు ఇట్టి కథ అంటగట్టబడినది. యాకోబ్ గ్రిమ్ 1808లో దానిని జర్మనుభాషలో ప్రకటించెను. అందు మట్టిమనిషి నుదుట ‘సత్యము’ అను అర్థముగల హీబ్రూపదము వ్రాయబడియుండును. తొలియక్షరమును చెరిపినచో మిగులునది ‘మృతుడు’ అను పదము. ప్రాగు పేరు గ్రిమ్ వ్రాతలో ఎచ్చటను లేదు. నలుగుపిండితో పార్వతి చేసిన వినాయకుని కథ పాఠకులకు ఇచ్చట స్ఫురింపకపోదు. పోలిక ముచ్చటైనదే. అయినను పోలిక యొక్కటి చూపి సంబంధము నిరూపించితిమనుకొను వ్యాసములు మనకు చాలనున్నవి.

అచ్చులో ప్రాగు రబ్బీకిని గోలెమునకును ముడివేసిన తొలిప్రస్తావనలలో నొకటి బెర్తోల్డ్ అవెర్‌బాఖ్ 1837లో వ్రాసిన ‘స్పినోజా’ నవలయందు కలదు. 1847లో లెయొపోల్డ్ వైసెల్ అను వైద్యుడు ‘సిప్పూరిం’ అను సంకలనమున కథను చెప్పెను. రబ్బీ మరణించిన 238 యేండ్లకు అన్నమాట. ఎలియా కథ లోవ్‌నకు సంక్రమించుట 18వ శతాబ్దిలో జరిగియుండునని గెర్షోమ్ షోలెమ్ ఊహించెను. అది సమంజసమే, వ్రాతకు ముందు నోట నడచియుండును. ఎంత వెనుకకు జరిపినను రుడాల్ఫ్ కాలమునకు చేరదు.

వైసెల్ చెప్పిన కథలో గోలెము సేవకుడు, ప్రమాదకరమైన సేవకుడు. నేడు లోకమెరిగిన గోలెము వేఱు; తన జాతిని కాపాడు వీరుడు. ఈ మార్పు 1909లో పోలండునందు యూడెల్ రోజెన్‌బెర్గ్ ప్రకటించిన హీబ్రూగ్రంథముతో స్థిరపడినది. లోవ్ అల్లుడగు ఇసాక్ కాట్జ్ స్వయముగ వ్రాసిన తాళపత్రప్రాయమైన ప్రాచీనప్రతి దూరదేశపు రాజగ్రంథాలయమున దొరకినదని రోజెన్‌బెర్గ్ చెప్పుకొనెను. అట్టి ప్రతి లేదు. గ్రంథమంతయు ఆయన కల్పనయే. 1580లో పుట్టి యోసెఫ్ అను పేరుతో పెరిగిన గోలెము అందు రాత్రులు వీధులలో కాపుకాచును. యూదుల ఇండ్లలో శిశువుల శవములను దాచి, వారిపై హత్యానేరము మోపజూచు దుర్మార్గులను పట్టి అధికారులకప్పగించును.

విమర్శకుడు ఇచ్చట తొందరపడరాదు. కూటప్రతిని సృష్టించుట దోషము. ఆ దోషమును నేను మన్నింపను. పిఠాపురముననో తంజావూరుననో దొరకిన తాటియాకు ప్రతియని నమ్మబలికి ఎవరైనను నేడు ఒక ప్రబంధమును వెలువరించినచో మన్నింతుమా? కాని ఆయన ఎవరితో వాదించుచుండెనో చూడవలెను. యూదులు క్రైస్తవబాలురను చంపి ఆ రక్తమును మతకర్మలకు వాడుదురను అపవాదు మధ్యయుగమున పుట్టి 20వ శతాబ్దిలో సైతము బ్రదికియున్నది. బొహీమియాలోనే పోల్నా అను ఊర 1899లో ఒక యువతి హత్యకు గురియైనపుడు, లెయొపోల్డ్ హిల్స్నర్ అను నిరుపేద యూదునిపై నేరము మోపి మరణశిక్ష విధించిరి. తరువాత అధ్యక్షుడైన మసారిక్, నాడు అధ్యాపకుడు, ఆ తీర్పును ఖండించి విద్యార్థులచే తిరస్కరింపబడెను. హిల్స్నర్ శిక్ష యావజ్జీవముగ మారి, 1918లో గాని విడుదల కలుగలేదు. 1911లో కీవ్ నగరమున బైలిస్ అను నాతనిపై అదే అపవాదు మోపిరి. 1913లో నిర్దోషియని తీర్పు వచ్చినది. రోజెన్‌బెర్గ్ గ్రంథము ఈ రెండు వ్యవహారముల నడుమ వెలువడినది. దానిలోని శవములు, రహస్యమార్గములు, న్యాయస్థానములు రుడాల్ఫ్ కాలమువి కావు, ఆయన నాటివి.

కనుక ఆ గ్రంథము 1580 ప్రాంతపు ప్రాగునకు సాక్ష్యము కాదు. 1909 నాటి పోలండు యూదుల భయమునకు దానికంటె నమ్మదగిన సాక్ష్యము లేదు. పైగా అది ఒక అన్యాయమును సైతము చేసినది. మొర్దెకై మైసెల్ వంటి ధనికులు మందిరములు కట్టించిన రుడాల్ఫ్ కాలము ప్రాగు యూదులకు సాపేక్షముగ మేలైనది. రోజెన్‌బెర్గును నమ్మినవారు ఆ కాలమును ఎడతెగని రక్తాపవాదుల కాలముగ భావించుచున్నారు. లోవ్ స్వయముగ విద్యాబోధనక్రమమును గూర్చి, బాలురకు వయసునకు మించిన పాఠములు చెప్పుటలోని అనర్థమును గూర్చి వ్రాసిన విషయములు ఎందరు చదివిరి? మట్టిమనిషి తన కర్తను కప్పివేసినాడు.

గుస్తావ్ మైరింక్ జర్మనుభాషలో వ్రాసిన ‘గోలెము’ నవల (1915) వేఱొక తీరుది. అందు రబ్బీయు లేడు, రక్షణయు లేదు. ముప్పదిమూడేండ్లకొకసారి యూదవాడలో కానవచ్చు ఒక ముఖము, తలుపులేని ఒక గది, తన గతమును మఱచిన రత్నశిల్పి. ప్రాగుపై చీకటి కప్పినది ఈ నవలయే అన్నచో అతిశయోక్తి కాదు. అయితే పాఠకుడు ఒక తేదీని గుర్తుంచుకొనవలెను. ఆరోగ్యకారణములు చూపి యూదవాడను పడగొట్టుటకు శాసనము 1893లో వచ్చినది. నవల వెలువడునాటికి ఆ సందులు లేవు. విశాలమైన వీధులు, సొగసైన మేడలు లేచినవి. కొన్ని మందిరములును, శ్మశానమును, పురభవనమును మాత్రము మిగిలినవి. అంతకుముందు అచ్చట మిక్కిలి బీదలు, పలువురు యూదులు కానివారును, ఇఱుకుగదులలో బ్రదికిరి. వారి దారిద్ర్యము మైరింక్ చేతిలో నిగూఢతగ మారినది. శైలి బలమైనది, గదివర్ణనము మఱపునకు రానిది. కాని కూలిన యింటికి అద్దె చెల్లింపనక్కరలేని రచయితకే అంతటి మోహము సాధ్యము. కారెల్ చాపెక్ 1921లో ప్రదర్శింపబడిన తన నాటకమున ‘రోబోట్’ పదమును లోకమునకిచ్చినపుడు ఆ పాతవాడ జోలికి పోలేదు; మట్టిమనిషిని తిన్నగ కర్మాగారమునకు చేర్చెను. నాకు అది ఎక్కువ ఆరోగ్యకరమైన వారసత్వముగ తోచుచున్నది.

యుద్ధకాలమున ఆ వాడను కాపాడుటకు ఎవరును రాలేదు. బొహీమియా, మొరావియాలకు చెందిన యూదమృతులు సుమారు 80,000 మంది పేర్లు పింకాస్ మందిరపు గోడలపై 1950లలో చేతితో వ్రాయబడినవి. 1968లో మందిరము మూయబడి, ఆ పేర్లు చెరిగిపోయినవి. 1990లలో ఒక్కొక్కటే తిరిగి వ్రాసిరి. పర్యాటకులు ఈ గోడల నుండి కొన్ని నిమిషముల నడకలో గోలెము బొమ్మలమ్ము అంగళ్లకు చేరుదురు. అమ్మువారిని తప్పుపట్టను. కాని మార్గదర్శకులు చెప్పు కథలో గోలెము 400 యేండ్లవాడు, గోడపై పేర్లు మాత్రము మొన్నటివి. వ్రాతప్రతుల ననుసరించి చూచినచో, రక్షకుడైన గోలెము ఆ గోడపై పేరున్న పలువురికంటె వయసులో చిన్నవాడు.

అటకపై ఏమున్నదని చూడబోయినవాడు ప్రాగు పత్రికారచయిత ఎగోన్ ఎర్విన్ కిష్. ఆ వృత్తాంతమును 1934లో వెలువడిన తన పుస్తకమున చేర్చెను. ఇనుపమెట్లెక్కి పైకి పోయెను. గోలెము అచ్చట లేదు. ఆ మెట్లు మందిరపు వెలుపలిగోడకు నేటికిని బిగింపబడియున్నవి; నేలకు అందుబాటులో ఉండు క్రిందిమెట్లను మాత్రము తీసివేసినారు.