గొట్టంలోకి చూసే కన్ను

కరీంనగర్, ఆదిలాబాద్ లాంటి జిల్లా కేంద్రాల్లో పోలీసు ఆయుధాగారాన్ని ‘బెల్ ఆఫ్ ఆర్మ్స్’ అంటారు. అక్కడ చేతులకు నూనె అంటుకుని కనిపించే మనిషి ఆర్మరర్, తుపాకులు బాగుచేసేవాడు. ఎదురుకాల్పుల వార్తల్లో ఆయన ఊసుండదు. కానీ 7.62 ఎంఎం ఎస్‌ఎల్‌ఆర్ అయినా, 5.56 ఎంఎం ఇన్సాస్ అయినా ఆయన చేయి పడ్డాకే నమ్మకమైన తుపాకి అవుతుంది.

బాగుచేసిన తుపాకిని పరీక్షగా కాల్చడంలోనే ఆయన పనితనమంతా ఉంది. ముందు మ్యాగజైన్ తీసి, ఛాంబర్‌ను కంటితో చూసి, వేలితో తడుముతాడు. లోపల గుడ్డపీలిక మిగిలినా, కాల్చినప్పుడు గొట్టం ఉబ్బవచ్చు, పగలవచ్చు. రేంజ్‌లో ఎర్రజెండా ఎగరాలి, మట్టికట్ట ముందు మనిషి జాడ ఉండకూడదు. మొదట ఒక్కటే తూటా. అనుమానమున్న తుపాకినైతే భుజానికి ఆనించరు. దిమ్మెకు బిగించి, దూరం నుంచి తాడుతో ట్రిగ్గర్ లాగుతారు.

ట్రిగ్గర్ లాగినా పేలలేదా? గొట్టం మట్టికట్ట వైపే ఉంచి కాసేపు ఆగాలి. మందు ఆలస్యంగా అంటుకోవచ్చు. ‘ఢాం’ అనాల్సింది ‘తుస్’మందా? ఇంకో తూటా పెట్టనే కూడదు. మొదటి గుండు గొట్టంలోనే ఇరుక్కుని ఉండవచ్చు.

చివరికి ఖాళీ తొడుగులు ఏరి, లెక్క సరిచూసి, రిజిస్టర్‌లో రాస్తాడు. ఆ రోజు ఏమీ జరగలేదు. ఆయన గెలుపంటే అదే.