చిన్నబాపు జీన్సు, అమ్మ అంగీ

నా దగ్గరికి చేరేనాటికే ఆ జీన్సు ఇద్దరి ఒంటి మీద పాతబడింది. 1995లో అర్వింద్ మిల్స్ వాళ్లు 'రఫ్ అండ్ టఫ్' పేరుతో డెనిమ్ గుడ్డ, జిప్పు, రివెట్లు అన్నీ ఒకే ప్యాకెట్‌లో పెట్టి అమ్మడం మొదలుపెట్టారు. అది కొనుక్కుని దర్జీతో కుట్టించుకోవాలి. రెడీమేడ్ జీన్సు ధర అందని చిన్న ఊళ్ల కుర్రాళ్ల కోసం చేసిన ఏర్పాటు. ఆదిలాబాద్‌లో డిగ్రీ చదివేటప్పుడు మా చిన్నబాపు అట్లాంటి ప్యాకెట్ ఒకటి కొని కుట్టించుకున్నాడు. ఆయన నుంచి అన్నకు, అన్న నుంచి 2006లో నాకు వచ్చింది. అప్పుడు నేను కరీంనగర్‌లో హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతున్నాను.

డెనిమ్‌లో పడుగు నీలం, పేక తెలుపు. ఆ పడుగు దారానికైనా నీలిమందు పైపైనే పట్టుకుంటుంది, లోపల తెల్లగానే ఉంటుంది. అందుకే రాపిడి తగిలిన చోటల్లా వెలిసిపోతుంది. ఆ జీన్సు మోకాళ్ల దగ్గర అన్న సైకిల్ తొక్కిన ఏళ్లు, వెనక జేబు మీద చిన్నబాపు పర్సు నలుచదరపు గుర్తు అట్లాగే ఉండేవి. ఇద్దరు మగవాళ్లు ఊరంతా తిరిగిన గుర్తుల్లోకి నా కాళ్లు దూర్చాను.

నడుము వదులైంది. బస్టాండు దగ్గరి లేడీస్ టైలర్ దగ్గరికి పోతే ప్యాంటు పని తనది కాదన్నాడు. జెంట్స్ టైలర్ దగ్గరికి పోతే "ఆడపిల్లల కొలతలు మేం తీస్కోం బిడ్డా" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. రెండు దుకాణాల మధ్య రోడ్డు మీద ఆ ప్యాంటు పట్టుకుని నిలబడ్డప్పుడు నా నడుము ఏ పద్దు కిందికి వస్తుందో నాకే అర్థం కాలేదు. చివరికి నా రూమ్మేట్ దాన్ని గోదావరిఖని తీసుకుపోయి వాళ్లమ్మతో మిషన్ మీద కుట్టించుకొచ్చింది. రెండు సూదులు విరిగాయట. వాళ్ల నాన్న బొగ్గుబాయి కార్మికుడు. గుడ్డకు రాగి రివెట్లు కొట్టే పద్ధతికి 1873లో అమెరికాలో పేటెంటు వచ్చిందనీ, ఆ ప్యాంట్లు తొడిగింది అక్కడి గని కూలీలూ కాయకష్టం చేసేవాళ్లేననీ అప్పటికి మా ఇద్దరికీ తెలియదు. మాకు తెలిసిన జీన్సు సినిమాది. (1998లో వచ్చిన శంకర్ 'జీన్స్' డబ్బింగ్ సినిమా చూసి, ఇందులో ప్యాంటు కథ ఏదీ అని అన్నను అడిగానట.) మన సినిమాల్లో జీన్సు వేసుకున్న అమ్మాయికి పొగరుంటుంది, క్లైమాక్సుకు లంగాఓణీ వస్తుంది.

ఆ దసరాకు జీన్సు వేసుకునే ఇంటికి పోయాను. బాపు వాకిట్లోనే చూసి "ముందు అది ఇడిసిరా" అన్నాడు. మూడు రోజులు నాతో మాట్లాడలేదు. ఆ మూడు రోజులూ అమ్మ బాపు పాత అంగీ తొడుక్కునే పత్తి చేనుకు పోయింది.

ఈ రెండు సంగతులను పక్కపక్కన పెట్టి చూడటానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. 2015లో, పరిశోధన చేస్తున్న రోజుల్లో, కరీంనగర్‌లోనే ఒక సెమినార్‌లో పత్రం చదివాను. పేరు 'నీలి మేఘాల నుంచి నీలి జీన్సు దాకా'. స్త్రీవాద కవిత్వాన్ని బూతు అనే అర్థంలో 'నీలి' అని ఈసడించిన రోజులున్నాయి. ఓల్గా సంపాదకత్వంలో 1993లో వచ్చిన 'నీలి మేఘాలు' పేరు నా చెవికి ఆ ఈసడింపుకు జవాబులాగే వినిపిస్తుంది. ఆ పేరు పక్కన జీన్సును తగిలించానని నాకు మహా గర్వం. నా వాదన ఒక్కటే. జయప్రభ 'పైటను తగలెయ్యాలి' అన్నారు, మా తరానికి తగలబెట్టే శ్రమ లేదు, జీన్సు వేసుకుని పైటనే పక్కన పెట్టేశాం, కాబట్టి ఆ కవిత ఇప్పుడు చరిత్ర. చప్పట్లు కూడా కొట్టారు. ఆ రోజు నా జీన్సు మీద మోకాళ్ల కిందిదాకా కుర్తా, కుర్తా మీద పిన్ను పెట్టిన చున్నీ ఉన్నాయని తిరుగు బస్సులో గానీ గమనించలేదు.

జయప్రభ కవితను ఇప్పుడు చదివితే అందులో పైట గుడ్డముక్కగా కనిపించదు. తల దించుకుని నడిచే అలవాటుగా, ఒంటిని అంటిపెట్టుకున్న పరాయి చూపుగా కనిపిస్తుంది. గుడ్డ మార్చుకున్నాను గనక చూపు మారిందనుకోవడం నా తెలివితక్కువతనం. జీన్సుతో చూపు ఛాతీ మీది నుంచి పిరుదుల మీదికి దిగింది, అంతే. కుర్తా పొడుగు అందుకే పెరిగింది.

జూపాక సుభద్ర 'కొంగు' కవిత ఇంకో మాట చెప్పింది. శ్రమ చేసే దళిత స్త్రీకి కొంగు ఛాతీ మీద కాపలాదారు కాదు, పనిలో తోడు. ఈ రెండు కవితలను ఎదురెదురుగా నిలబెట్టి ఏది ఒప్పు అని తేల్చడం మన విమర్శకు అలవాటైపోయింది. నా సిద్ధాంత వ్యాసంలో ఒక అధ్యాయం నిండా నేనూ అదే పని చేశాను. మా అమ్మ కొంగుతో ఒడి కట్టుకుని పత్తి ఏరే మనిషి అయినా ఆ అధ్యాయంలో ఆమె లేదు. మేము దళితులం కాము, సొంత చేను ఉన్నవాళ్లం. అమ్మ కొంగునూ సుభద్ర కొంగునూ ఒకటి చేసేసే హక్కు నాకు లేదు. కానీ అమ్మ ఒంటి మీద ఇంకో బట్ట ఉంది, బాపు అంగీ. పత్తికాయ పెంకులు చేతులు గీరకుండా పాత ఆదిలాబాద్, కరీంనగర్ పల్లెల్లో ఆడవాళ్లు చీర మీద మగవాళ్ల ఫుల్ చేతుల అంగీ తొడుక్కుంటారు. అది మన సంస్కృతి కాదని ఏ పెద్దమనిషీ అనడు. పని కోసం తొడుక్కున్న మగబట్ట ఎవరి కంటికీ ఆనదు. ఇష్టపడి తొడుక్కుంటేనే ఇల్లు కూలుతుంది.

సంకెలగా మారిన బట్ట మీద మనకు మంచి కవిత ఉంది, పనిముట్టయిన బట్ట మీద అంతకన్నా గట్టి కవిత ఉంది. ఒక ఆడపిల్ల ఊరికే ఇష్టపడిన బట్ట గురించి రాయడానికి మాత్రం మనకు ఏదో సిగ్గు. నేను కూడా జీన్సుకు సౌకర్యం పేరు చెప్పే బతికాను. బస్సెక్కడానికి వీలు, తొందరగా మాయదు, ఇస్త్రీ అక్కర్లేదు. నిజం ఏమిటంటే అందులో నేను బాగుంటానని అనుకున్నాను.

ఇంకా ఒక కారణం, జేబు. చిన్నబాపు జీన్సులో నా చెయ్యి మణికట్టు దాకా దిగేది. 2010లో హైదరాబాద్‌లో మొదటిసారి సొంత డబ్బుతో లేడీస్ జీన్సు కొన్నాను. లో వెయిస్ట్, కింద బూట్ కట్. జేబులో రెండు వేళ్లు పట్టాయి. కూర్చుంటే వెనక టాప్ కిందికి లాక్కోవాలి. ఆ తర్వాత కాళ్లకు అంటుకుపోయే స్కిన్నీ, చిరుగులది, ఇప్పుడు నడుము పైకెక్కిన వదులు జీన్సు. ఇన్ని మారినా జేబు మాత్రం పెరగలేదు.

ఇటలీలో 1999 ఫిబ్రవరిలో బయటికొచ్చిన సుప్రీంకోర్టు తీర్పు ఒకటి, బిగుతు జీన్సును ఆమె సహకారం లేకుండా విప్పలేరంటూ అత్యాచారం కేసులో శిక్షను కొట్టేసింది. అక్కడి మహిళా ఎంపీలు జీన్సు వేసుకుని నిరసన తెలిపారు. 2021 మార్చిలో ఉత్తరాఖండ్ ముఖ్యమంత్రిగా ఉన్న తీరథ్ సింగ్ రావత్ మోకాళ్ల దగ్గర చిరిగిన జీన్సు వేసుకున్న తల్లి పిల్లలకేం నేర్పుతుందని అడిగారు. నాకు వెంటనే కోపం వచ్చింది. కానీ నా చిరుగుల జీన్సు చూసి మా అమ్మ కూడా ఒక ప్రశ్న వేసింది. "చినిగినయి పైసలు వెట్టి కొన్నవా?" ఆమె చిన్నప్పుడు చిరుగులు కనపడకుండా కుచ్చిళ్లలోకి మడిచి కట్టుకున్న మనిషి. ఆ ప్రశ్నను రావత్ గారి మాటతో కలిపి ఒక్క జవాబు చెప్పలేను. ఆమెకు చెప్పవలసిన జవాబు నా దగ్గర ఇప్పటికీ లేదు.

పోయిన చలికాలం ఊరికి పోయాను. ఆదిలాబాద్ చలి తెలిసిందే. పొద్దున్నే చేనుకు బయల్దేరిన అమ్మ చీరను మోకాళ్ల మీదికి ఎగ్గట్టింది. పైన బాపు అంగీ, కింద నేను ఎప్పుడో వదిలేసిన ఆ 2010 నాటి జీన్సు. అరుగు మీద కూర్చున్న బాపు చూసి ఏమీ అనలేదు, చాయ్ తాగుతున్నాడు. ఎట్లుంది అని అడిగితే అమ్మ చెప్పింది. "సలి వెడ్తలేదు, కాళ్లు గీరుకపోతలేవు. గా జేబులకే చీరె అడ్డమస్తంది."