సంతకం లేని కౌలు

గోదావరి డెల్టాలో పొలం కౌలుకివ్వడానికి నోటిమాట చాలు. తొలి పంట సార్వాకి ఎకరాకు ఇన్ని బస్తాలు, రెండో పంట దాళ్వాకి ఇన్ని అని గట్టు మీదే తేల్చేసుకుంటారు. బస్తా అంటే 75 కిలోలని ఇద్దరికీ తెలుసు. మా ఇంట్లోనూ ఇదే పద్ధతి. కాగితం మాటెత్తితే మాత్రం పొలం గలవాళ్లకు గుండెల్లో రాయి పడుతుంది.

ఆ భయం ఊరికే పుట్టలేదు. 1956 నాటి ఆంధ్ర ప్రాంత కౌలుదారీ చట్టం, 1974 సవరణ తర్వాత, కౌలు గడువు ఆరేళ్లకు తగ్గకూడదంది. పొలం అమ్మదలిస్తే ముందు కౌలుదారునే అడగాలంది. ఖాళీ చేయించాలంటే ప్రత్యేకాధికారి ముందు కేసు, అక్కణ్ణుంచి జిల్లా కోర్టులో అప్పీలు. దున్నేవాడికి నిలకడ ఇవ్వాలన్న ఆ ఉద్దేశం న్యాయమైనదే. కానీ ఒక ఊళ్లో వ్యాజ్యం ఏళ్ల తరబడి నడిస్తే పది ఊళ్ల యజమానులు కాగితం మానేశారు. కొందరు రెండు మూడేళ్లకోసారి రైతును మార్చడం మొదలెట్టారు.

దీనివల్ల పొలం ఎంత నష్టపోయిందో ఎవరూ లెక్క కట్టరు. వచ్చే ఏడు ఉంటానో లేదో తెలియని రైతు పెంట తోలడు, జీలుగ చల్లడు, మెరక తీయించడు. నేల సారం తగ్గితే పోయేది యజమాని ఆస్తే. పెట్టుబడికని రాజమండ్రి నుంచి వచ్చేవాళ్లు సరిహద్దులు చూడకముందే "ఎవరు చేస్తున్నారండీ, ఎన్నేళ్ల నుంచి?" అని అడుగుతారు. పాత కౌలుదారు ఉన్నాడంటే బేరం అక్కడే దిగుతుంది.

రైతు నష్టం ఇంకా పెద్దది. కాగితం లేకపోతే, గోదావరి పొంగి చేను మునిగినా, సాగు చేసింది తానేనని చూపడానికి అతని దగ్గర ఏమీ ఉండదు.  దీనికోసమే 2011లో సాగుదారులకు గుర్తింపు కార్డుల చట్టం వచ్చింది. 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. దాని కింద ఒప్పందం 11 నెలలకే. రైతుకు హక్కు పంట మీద తప్ప భూమి మీద లేదు.

అయినా మా బంధువుల్లో బాబాయ్ వరసైన ఒక పెద్దాయన "సంతకం పెడితే కోర్టు మెట్లెక్కాలిరా" అంటారు. నాకు తోచేది వేరు, బాబాయ్. నోటి కౌలుకీ సాక్షులుంటారు. పదేళ్లు చేసిన రైతు గురించి ఊరంతా చెబుతుంది. గడువు రాసి ఉన్న కాగితం లేకపోతే, కోర్టులో మనం చూపించేదేముంది?

ఒక చిక్కు నిజంగానే ఉంది. పట్టాదారు పాస్‌బుక్ మీద యజమాని అప్పటికే పంట రుణం తీసుకుని ఉంటే, అదే పొలానికి బ్యాంకు రైతుకు మళ్లీ ఇవ్వదు. చాలా సంతకాలు ఆగేది ఇక్కడే. సాగు చేసేవాడికే పంట రుణమని బ్యాంకులు గట్టిగా నిలబడాలి. మా పొలం మీద రుణం లేదు. ఈ సార్వాకి ఒప్పందం రాసుకుంటున్నాం.