మిగిలిపోయిన ముప్ఫై మీటర్లు

మంచినీటి ప్రాజెక్టుల రివ్యూ మీటింగుల్లో మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: ‘ఎన్ని కిలోమీటర్లు వేశారు?’ జవాబూ సిద్ధంగా ఉంటుంది. 40కి 39 అయింది సార్, 97 శాతం. బయటికి చూస్తే పని అయిపోయినట్టే. కానీ ఆ మిగిలిన కిలోమీటరు ఒక్కచోట ఉండదు. రైల్వే లైను కింద 30 మీటర్లు, జాతీయ రహదారి అడుగున 60, ఒక నాలా దాటేచోట కొంత, కోర్టులో ఉన్న పట్టా భూమిలో ఇంకొంత. అవి పూడేదాకా మిగతా 39 కిలోమీటర్ల పైపులో చుక్క నీరు పారదు. అందుకే నా డైరీలో వేసిన పైపు లెక్క ఎప్పుడూ రాసుకోలేదు, వేయని చోట్ల లెక్కే రాసుకున్నాను.

ఈ గ్యాప్‌లు ఎందుకు మిగులుతాయో అగ్రిమెంటులోని చెల్లింపుల పట్టిక చూస్తే తెలుస్తుంది. పైపు సైటుకు చేరితే దాని విలువలో పెద్ద భాగం కాంట్రాక్టరు చేతికొస్తుంది. కందకంలోకి దించి, జాయింటు చేసి, మట్టి కప్పితే ఇంకొంత. హైడ్రో టెస్టుకూ కమిషనింగ్‌కూ చివర ఉండేది కొద్ది శాతమే. అలాంటప్పుడు ఏ కాంట్రాక్టరైనా పొలాల పక్కన, మెత్తటి నేలలో, పొక్లెయిన్ హాయిగా తిరిగేచోట పైపులు దించుకుంటూ పోతాడు. అతన్ని తిట్టి లాభం లేదు. డబ్బు ఎటు దారి చూపిస్తే పని అటే నడుస్తుంది. ఆ పట్టిక రాసేది మనమే కాబట్టి, క్రాసింగ్‌లకూ టెస్టుకూ సరైన వాటా పెట్టడం మన చేతుల్లో ఉన్న పని.

పని మొదలుపెట్టే క్రమం కూడా తిరగబడాలి. రైల్వే అనుమతి అంటే ఒక ఉత్తరం కాదు. ఉమ్మడి తనిఖీ, డ్రాయింగు, దానికి వాళ్ల ఆమోదం, డిపాజిట్టు, ఆ తర్వాత వాళ్ల ఇంజినీరు పర్యవేక్షణలో, రైళ్లు నడుస్తుండగానే పట్టాల కిందినుంచి కేసింగ్ పైపును నెట్టడం. పొలాల్లో కిలోమీటర్ల పని దీనికి పట్టే కాలంలో అయిపోతుంది. కాబట్టి ఈ ఫైలు టెండరు కన్నా ముందే కదలాలి. హైదరాబాదు లాంటి చోట ఇంకో చిక్కు, రాయి. అడుగు తవ్వితే గ్రానైటు రాయి తగులుతుంది, ఇళ్ల మధ్య పేలుడు పెట్టలేం. బ్రేకర్‌తో కొట్టుకుంటూ పోవాలి. అంచనాలో మట్టి అని రాసి, సైటులో రాయి చూసి ఆశ్చర్యపోవడం కన్నా ముందే నాలుగు ట్రయల్ గుంతలు తీయించడం మేలు.

ఇదంతా ఏ నిర్మాణానికైనా వర్తించేదే కదా అనొచ్చు. నీళ్ల ప్రాజెక్టుకు ఒక తేడా ఉంది. కొత్త లైను చివరికి పాత లైనుకు కలవాలి. ఆ పాత లైను మీద లక్షలమంది బతుకుతున్నారు.

హైదరాబాదునే తీసుకుంటే, 1908 సెప్టెంబరు 28న మూసీ వరద నగరాన్ని ముంచెత్తిన తర్వాత కట్టిన జలాశయాలే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్. 1920లో ఒకటి, 1927లో మరొకటి పూర్తయ్యాయి. ఉస్మాన్‌సాగర్ నీళ్లు పంపు లేకుండా వాలు మీదే ఆసిఫ్‌నగర్ ఫిల్టర్ బెడ్స్‌కు చేరేవి. ఊరు పెరిగేకొద్దీ నీళ్లు దూరమయ్యాయి. 2004లో నాగార్జునసాగర్ జలాశయం నుంచి కృష్ణా మొదటి దశ, 2008లో రెండోది, 2015లో మూడోది. అదే ఏడాది చివర్లో ఎల్లంపల్లి నుంచి గోదావరి. వంద కిలోమీటర్లు దాటిన దూరం నుంచి, మెట్టు మెట్టుగా పంపు చేసుకుంటూ తెచ్చే నీళ్లు ఇవి. ఎక్కడ జంక్షన్ పని పడినా ఆ లైనును ఆపాలి. పేపర్లో ‘ఈ ప్రాంతాల్లో రేపు నీళ్లు బంద్’ అని చిన్న వార్త వస్తుంది. దాని వెనకున్న పని నా దృష్టిలో ప్రాజెక్టు మొత్తంలోకీ కష్టమైనది.

24 గంటల షట్‌డౌన్ అంటే వెల్డర్‌కు 24 గంటలు దొరకవు. ముందు వాల్వులు నెమ్మదిగా తిప్పాలి. తొందరపడితే లోపలి నీళ్ల ఊపు ఎదురుతన్ని ఎక్కడో బలహీనమైన జాయింటు పగులుతుంది. తర్వాత లైను ఖాళీ చేయాలి. 1200 మిల్లీమీటర్ల పైపులో కిలోమీటరుకు 11 లక్షల లీటర్లకు పైనే ఉంటాయి. స్కవర్ వాల్వ్ తెరిచి ఆ నీళ్లను ఏ నాలాలోకి వదలాలో, నాలా తట్టుకుంటుందో లేదో ముందే చూసుకోవాలి. ఎయిర్ వాల్వులు పనిచేయకపోతే నీళ్లు దిగుతున్నప్పుడు లోపల శూన్యం ఏర్పడి పల్చని ఉక్కు పైపు లోపలికి నొక్కుకుపోతుంది. ఇన్నీ అయ్యాకే కటింగ్, ఫిట్టింగ్, వెల్డింగ్. ఆపైన మళ్లీ నింపడానికి కొన్ని గంటలు, అదీ గాలి పోయేంత మెల్లగా. మొదట వచ్చే బురద నీళ్లను బయటికి వదలాలి.

బెండు దగ్గర తోపును ఆపే కాంక్రీటు దిమ్మ, అంటే థ్రస్ట్ బ్లాక్ సంగతి చాలామంది మరుస్తారు. 1200 లైనులో 6 కిలోల ప్రెషర్ ఉంటే 90 డిగ్రీల బెండు మీద పడే తోపు దాదాపు 96 టన్నులు. నిన్న పోసిన కాంక్రీటు దాన్ని ఆపలేదు. షట్‌డౌన్ తేదీకి చాలా ముందే బ్లాకు పోసి, క్యూరింగ్ చేసి ఉంచాలి.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా ఒక్క వాల్వ్ మొత్తం పని చెడగొట్టగలదు. ఒక షట్‌డౌన్‌కు కొన్ని వారాల ముందు పాత లైన్‌మన్ ఒకాయన నాతో అన్నాడు: “సార్, అది మొత్తం బంద్ కాదు. లోపల గేటు అరిగింది. తిప్పుడు ఆగుతది, నీళ్లు పాస్ అయితయ్.” రికార్డులో ఆ వాల్వ్ బాగానే ఉంది. ఆయన మాట మీద ఒక రాత్రి సరఫరా లేని సమయంలో బంద్ చేసి చూశాం. నిజంగానే నీళ్లు కారుతున్నాయి. ముందు ఆ వాల్వ్ మార్చి, తర్వాతే జంక్షన్ పనికి తేదీ పెట్టుకున్నాం. పైపును కోసిన తర్వాత ఆ సంగతి తెలిసి ఉంటే, నీళ్లు కారుతున్న అంచు మీద వెల్డింగ్ నిలిచేది కాదు. గుంతలో మనుషులు, బయట హైడ్రా క్రేను, ఊరంతా ఖాళీ బిందెలు. అందుకే ప్రతి షట్‌డౌన్‌కూ ముందు ట్రయల్ బంద్ చేయాల్సిందేనని గట్టిగా నమ్ముతాను. షట్‌డౌన్ ప్లానింగ్ మీటింగులో లైన్‌మన్‌కు కుర్చీ ఉండాలని కూడా.

నగరంలో చాలా బస్తీలకు నీళ్లు రోజు విడిచి రోజే. వాళ్ల వంతు రోజున షట్‌డౌన్ పడితే ఆ ఇంటికి నాలుగు రోజులకు గానీ నీళ్లుండవు. లైను చివరి ఇళ్లకూ, గుట్ట మీది ఇళ్లకూ ప్రెషర్ అందరికన్నా ఆలస్యంగా చేరుతుంది. మన రిపోర్టులో ‘24 గంటల్లో పూర్తి’ అని ఉంటుంది, గుట్ట మీది ఇల్లాలి లెక్క వేరు. తేదీ ఖరారు చేసేముందు ఏ బస్తీ వంతు ఏ రోజో పట్టిక ముందు పెట్టుకోవాలి. ట్యాంకర్లను మొదట ఆ చివరి ఇళ్లకే పంపాలి. దీనికి అదనపు బడ్జెట్టు అక్కర్లేదు, పట్టింపు ఉంటే చాలు.

పని అయ్యాక మట్టి కప్పేస్తారు. రేపు ఆ లైనును ఆపాల్సిన ఇంజినీరు ఇంకొకరు. అతని చేతికి మనం ఇచ్చేది యాజ్-బిల్ట్ డ్రాయింగే. ప్రతి వాల్వ్ ఎక్కడుందో మూడు స్థిరమైన గుర్తుల నుంచి టేపుతో కొలిచిన దూరాలు, లోతు, ఎన్ని చుట్లు తిప్పితే బంద్ అవుతుందో ఆ లెక్క దాని మీద ఉండాలి. అవి చేతికి అందకుండా ఫైనల్ బిల్లు మీద సంతకం పెట్టకండి అని కొత్త అసిస్టెంట్ ఇంజినీర్లకు చెబుతుంటాను. కొలతకు కల్వర్టు గోడనో, గుడి ప్రహరీనో పట్టుకోమంటాను. కరెంటు స్తంభాన్ని మాత్రం వద్దంటాను. రోడ్డు వెడల్పు చేసినప్పుడు మొదట కదిలేది అదే.