పాలంపేట శిల్పములు - గూఢార్థవాదము

2021లో యునెస్కో ప్రపంచవారసత్వస్థానముగా గుర్తించిన పాలంపేట రామప్పగుడిని గూర్చి విచిత్రవాద మొకటి ప్రచారమున నున్నది. ఈ గ్రామము 2019 వఱకు భూపాలపల్లి జిల్లాలోనిది. నేఁడు ములుగు జిల్లాలోనిది. ఎత్తైన పాదరక్షలు దొడిగిన మదనిక, నీటఁ దేలు నిటుకలు, నల్లరాతిలో సూదిమొనపాటి రంధ్రములు - వీని నన్నిటిని జేర్చి, రహస్యవిద్య నెఱిఁగిన శిల్పిబృంద మొకటి తన జ్ఞానమును సంకేతములుగా దాఁచెనని యీ వాదులు చెప్పుదురు.

ఇటుకలు తేలుటకుఁ గారణము వానిలోని సూక్ష్మరంధ్రములు. విమానభారమును దగ్గించుటకే యవి వాడఁబడినవి. గుడి కట్టించినవాఁడు కాకతి గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుఁడని 1213 నాఁటి శాసనము స్పష్టముగాఁ జెప్పుచున్నది. దాఁచఁదలఁచినవారు పేరును, తిథిని రాతిపైఁ జెక్కింతురా?

షేక్స్పియరు నాటకములలో బేకను సంకేతలిపి యున్నదని 1888లో డాన్నెలీ గ్రంథము వ్రాసెను. సంకేతమునకు విడుపు అర్థవంతమై, ఏకైకమై యుండవలెనను నియమముతో 1957లో ఫ్రీడ్‌మన్ దంపతులు అట్టివాదముల నన్నిటిని బరీక్షించి, యొకటియు నిలువదని చూపిరి. ఈ నియమము మనకును గ్రాహ్యము. మదనిక పాదరక్షలఁ జూచి యొకరు విదేశీయుల నూహింతురు. మఱొకరు భవిష్యద్దర్శనము నూహింతురు. విడుపు లిన్ని యున్నచోటఁ బొడుపుకథయే లేదు.

ఇది పామరుల భ్రమ యని నవ్వి విడువరాదు. జాయపసేనాని నృత్తరత్నావళికిని, ఈ నర్తకీశిల్పములకును గల పోలికలను జూచి, శిల్పములు గ్రంథానుసారముగాఁ జెక్కఁబడినవని పండితులలోనే కొంద ఱందురు. ఆ గ్రంథము 1253-54 ప్రాంతముది. నిర్మాణము నలువదియేండ్లు సాగెనను మాట నంగీకరించినను, గ్రంథము వెలువడునప్పటికి గుడియుఁ బూర్తికావచ్చినదే. కావున రెంటికిని మూలము నాఁటి యాటయే యనుట యుక్తము. శిల్పి దానిని జూచి చెక్కెను. జాయప చూచి వ్రాసెను. పోలిక చూచుట తప్పుగాదు. కాలమును విచారింపక సంబంధము గల్పించుట తప్పు.

ఇందువలని నష్టము చిన్నది గాదు. రహస్యబృందమును గల్పించిన కొలఁది, పేరైనఁ జెక్కుకొనని శిల్పుల యేండ్లతరబడి సాధన మఱుగుపడును. జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి పాఠశాలలనుండి బాలబాలికలను బాలంపేటకుఁ దోడ్కొనిపోవు పండితులు మొదట శాసనమును జదివించి, పిదప శిల్పములఁ జూపుదురుగాక.