బడికి చోటు చూసేవాళ్లు

అనంతపురం జిల్లా యాడికి లాంటి మండల కేంద్రం పెరుగుతుంటే, రేపటి బడి ఎక్కడ రావాలో మొదట పసిగట్టేది చంకలో రిజిస్టరుతో వీధులు తిరిగే సీఆర్పీ (క్లస్టర్ రిసోర్స్ పర్సన్). ఆ పనితనాన్ని మెచ్చుకునేవాళ్లు తక్కువ.

2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం నమూనా నిబంధనల ప్రకారం ఐదో తరగతి దాకా కిలోమీటరు లోపు, ఆరు నుంచి ఎనిమిదికి మూడు కిలోమీటర్ల లోపు బడి నడిచిపోయే దూరంలో ఉండాలి. మ్యాపు మీద గుండ్రంగా గీత గీస్తే లెక్క సరిపోతుంది. పనిమంతుడు మాత్రం ఆ దారి నడిచి చూస్తాడు. రైలుపట్టా దాటాలా? సిమెంటు లారీలు తిరిగే రోడ్డా? ఏడాదంతా ఎండి ఉండే వంక కూడా ఒక్క పెద్దవానకు ఆరేళ్ల పిల్లను ఇంట్లో కూర్చోబెడుతుంది.

అంగన్‌వాడీ రిజిస్టరులో రెండేళ్ల పిల్లలెందరో చూస్తే, నాలుగేళ్ల తర్వాత ఒకటో తరగతికి ఎంతమంది వస్తారో అంచనా దొరుకుతుంది. కానీ ఇది కరువు సీమ. వాన మొహం చాటేస్తే వేరుశనగ రైతు బెంగళూరు బస్సెక్కుతాడు. ఇంటికి తాళం కనపడిందని మంచి సీఆర్పీ ‘పిల్లలు లేరు’ అని రాసేయడు. పక్కింట్లో అడుగుతాడు: “అవ్వా, పిల్లోల్ని పిల్చకపోయినారా, నీ కాడే ఇడ్సినారా?” మగ్గాల వీధిలో బడి వయసు పిల్ల కండెలు చుడుతోందేమో ఓ కంట కనిపెడతాడు.

ఖాళీ జాగా దొరికిన చోట బడి కట్టడం తేలిక. పిల్లలున్న చోట జాగా వెతకడమే నేర్పు. ఆ నేర్పు ఉన్నవాళ్లకు ఊరు బాకీ పడి ఉంది.