కడిగే తీరులోనే ఉంది కిటుకు

జామాయిల్, సరుగుడు, సుబాబుల్ దుంగలతో రాజమండ్రి, సారపాక మిల్లులకు లారీలు వెళ్లడం మనం చూస్తూనే ఉంటాం. ఆ చెక్క ఉడికి తెల్లటి కాగితం అవుతుంది. దుంగలో సుమారు పావు వంతు మాత్రం కాగితం కాదు. అది లిగ్నిన్, నారలను అతికించి చెట్టును నిటారుగా నిలబెట్టే జిగురు. ఉడికేటప్పుడు కరిగి, మిల్లు వాళ్లు బ్లాక్ లిక్కర్ అనే నల్లటి ద్రవంలో చేరుతుంది. దాన్ని బాయిలర్‌లో కాల్చి ఆవిరి పుట్టిస్తారు, రసాయనాలను తిరిగి రాబట్టుకుంటారు. ఇది పాత పద్ధతి, మంచి పద్ధతి. అయితే బాయిలర్ సామర్థ్యం పూర్తిగా నిండాక కాగితపు గుజ్జు ఉత్పత్తి పెంచడానికి దారి ఉండదు.

స్వీడన్‌లో చాల్మర్స్ విశ్వవిద్యాలయం, ఇన్వెన్షియా పరిశోధన సంస్థ తీర్చిదిద్దిన లిగ్నోబూస్ట్ పద్ధతి ఇక్కడే అడుగు పెట్టింది: కొంత లిగ్నిన్‌ను ముందే బయటకు తీసి బాయిలర్‌పై భారం తగ్గిస్తుంది. కొంత చిక్కబడిన నల్లద్రవంలోకి కార్బన్ డయాక్సైడ్ పంపుతారు. పీహెచ్ 10 దగ్గరకు దిగగానే, పాలు విరిగినట్టు లిగ్నిన్ విరిగి రేణువులవుతుంది. దాన్ని వడకట్టి ముద్ద చేస్తారు.

అసలు చిక్కు ఆ ముద్దను కడగడంలో ఉంది. నేరుగా నీళ్లు పోస్తే ముందు ఉప్పు పోతుంది, క్షారం మిగులుతుంది. అప్పుడు లిగ్నిన్ మళ్లీ కరగడం మొదలై ముద్దలోని సందులను పూడ్చేస్తుంది. ఇక నీళ్లు దిగవు.

ఆ పరిశోధకులు ముద్దతో పోరాడలేదు, దాన్ని విడగొట్టారు. సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపిన కడుగునీటిలో వేసి మళ్లీ కలిపారు. జరగాల్సిన మార్పంతా తొట్టిలోనే, ప్రతి రేణువు చుట్టూ ఒకేలా జరిగిపోతుంది. రెండోసారి వడకట్టి, దాదాపు అంతే పుల్లటి నీటితో కడిగితే ముద్దకు కుదుపు ఉండదు, సోడియం సాఫీగా బయటకు పోతుంది. అదనంగా కావలసింది ఒక తొట్టి, ఒక వడపోత. మొదటి వడపోత నీరు మిల్లుకే తిరిగి వెళ్తుంది. ముందు వాయువుతో విరగ్గొట్టారు కాబట్టి ఆమ్లమూ తక్కువే పడుతుంది. ఈ పొదుపు చూస్తే నాకు ఎంతో ముచ్చటేస్తుంది.

2013లో అమెరికాలోని నార్త్ కరోలినాలో ప్లిమత్ మిల్లు, 2015లో ఫిన్లాండ్‌లో సునిలా మిల్లు ఈ పద్ధతిని మొదలుపెట్టాయి. సునిలాలో లిగ్నిన్ ఉత్పత్తి సామర్థ్యం ఏడాదికి 50,000 టన్నులు ఉండేది. అక్కడ ఆ గోధుమరంగు లిగ్నిన్ పొడి సున్నపు బట్టీలో సహజవాయువుకు బదులు మండింది, ప్లైవుడ్ జిగురులో ఫినాల్ స్థానంలోకి వెళ్లింది. 2023లో సునిలా మూతపడినా ఈ పనితనం విలువ తగ్గలేదు. అడవిలో నారలను పట్టి ఉంచిన పదార్థం, మళ్లీ చెక్కపలకలను అతికించే పనికే చేరింది.